గెరసిమే గుల్బాని చర్చి తలుపు తీసిన రోజు

తన జీవితం గురించి ఎవరైనా అడిగితే గెరసిమే గుల్బాని రెండు ముక్కల్లో ముగించేవాడు: మంచు తోశాను, తాళంచెవి మోశాను. మొదటిది జీతం కోసం చేసిన పని. తల నెరిసేదాకా అతడు మెస్తియా పట్నం దారిలో మంచు తోసే బండి నడిపాడు; కొండచరియ విరిగిపడిన చోటల్లా దారి చేసి, మళ్లీ విరిగిపడితే మళ్లీ చేశాడు. రెండవది వంశం మీద పడిన పని. తన కొండ ఊరు ఖెలూరిలోని చర్చి తాళంచెవి గుల్బానీల ఇంట ఉండడం తాతల నాటి ఏర్పాటు. జానెడు పొడవున్న ఆ ఇనుప చెవి పొయ్యి పక్కనున్న స్తంభానికి వేలాడుతూ ఉండేది. ఇంటికి వచ్చినవారెవరూ దానిని తాకేవారు కారు.

చర్చిలో ఉన్నది పునీత గియోర్గి వెండి పటం, చెక్క మీద వెండిరేకు తాపినది. ఖెలూరి వారు కోర్టును నమ్మరు, కాగితాన్ని నమ్మరు, ఒకరినొకరు నమ్ముకోవడం కూడా అంతంతమాత్రమే. కాని ఆ పటం మీద చేయి వేసి పలికిన మాట అబద్ధం కాగలదని వారు ఊహించను కూడా లేరు. పూర్వమెప్పుడో పొలం గట్టు తగాదాలో ఒకాయన అలా చేయి వేసి అబద్ధం పలికాడట. ఆ శీతకాలమే మంచు చరియ దిగివచ్చి, ఊరి మందలన్నింటినీ వదిలి, అతడి ఆవులను మాత్రమే ఏరుకొని పోయిందట. అతడి ఇంటిపేరు చెప్పడం మర్యాద కాదు కనుక ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు.

దేశంలో తుపాకులు రాజ్యమేలిన చెడ్డకాలంలో గెరసిమే ఆ పటాన్ని తన పశువుల కొట్టంలో పాతిపెట్టాడు. సంగతి భార్య అస్మత్‌కు కూడా చెప్పలేదు. ఆమె శీతకాలమంతా రోజూ ఆ మూలకే పేడ ఎత్తిపోసింది. వసంతంలో పటం బయటికి తీసినప్పుడు ఆమె అన్న మాటను ఊరు ఇప్పటికీ తలుచుకొని నవ్వుకొంటుంది: “పునీత గియోర్గి మీద నాచేత పేడ వేయిస్తావుటయ్యా!” కొన్నాళ్లపాటు ఆమె భర్తతో మాట్లాడలేదు, పటానికి మాత్రం రోజూ కొవ్వొత్తి వెలిగించి క్షమాపణ చెప్పుకొంది.

అదంతా యంత్రాలు రాకముందు మాట. కొండ మీది ఊళ్లకు కరెంటు ఉచితం. ఆ మాట మైదానంలోని తెలివైనవారి చెవిన పడ్డాక, క్రిప్టో నాణేలను పుట్టించే యంత్రాలు ఒక్కొక్కటిగా కొండెక్కాయి. శత్రువుల నుంచి దాక్కోవడానికి పూర్వులు కట్టుకున్న రాతి బురుజుల అడుగు గదుల్లోను, పశువుల కొట్టాల్లోను అవి రేయింబవళ్లు తుమ్మెదల్లాగా రొద చేయసాగాయి. ఎవరింట ఎన్ని ఉన్నాయో ఎవరూ చెప్పరు. కాని ఇంటికప్పు చెప్పేస్తుంది. యంత్రాల వేడి ఉన్న కప్పు మీద మంచు నిలవదు.

అంతకుముందు ఖెలూరిలో అధ్యక్ష ఎన్నిక అంటే ఇంటిపేర్ల వ్యవహారం. గుల్బానీలు ఎటు వేస్తే జొర్జోలియానీలు అటు వేయరు. అభ్యర్థి ఎవరన్నది తరువాతి సంగతి. ఆ ఏడు మొట్టమొదటిసారిగా ఓటు కరెంటు తీగ వెంట నడిచింది. ఒక అభ్యర్థి, ఈ నాణేలే దేశానికి భవిష్యత్తు, యంత్రాల జోలికి ఎవరూ రారు, కొండ మీది కరెంటు ఎప్పటికీ ఉచితమే అన్నాడు. అతడికి ఊరు ‘యంత్రాలాయన’ అని పేరు పెట్టింది. రెండవ ఆయన, దేశపు కరెంటును కొందరి జేబుల్లోకి పోనివ్వను, ప్రతి గడపకూ మీటరు బిగిస్తాను, యంత్రాలను పెరికిస్తాను అన్నాడు. ఆయన ‘మీటరాయన’ అయ్యాడు. మొదటి విడతలో ఎవరికీ సగం ఓట్లు దాటలేదు కనుక ఆ ఇద్దరికీ మళ్లీ పోటీ పెట్టారు. రెండవ విడతకు ముందువారం, తొలిమంచు పడిన మర్నాడు, ముర్తాజ్ నల్లజీపులో వచ్చాడు.

ముర్తాజ్ గెరసిమే పినతండ్రి మనవడు. మైదానంలోని కుటయిసి పట్నంలో పెరిగి, యంత్రాలాయన పార్టీలో పనిచేస్తున్నవాడు. బూట్లకు అంటిన మంచు దులుపుకొని, పొయ్యి దగ్గర కూర్చొని, మాంసం కూరిన కుబ్దారి రొట్టె సగం తిన్నాక అసలు విషయానికి వచ్చాడు.

“బాబాయ్, పని చిన్నది. గురువారం మధ్యాహ్నం చర్చి తలుపు తియ్యి. ఊరంతా వస్తుంది. ఆదివారం మనాయనకే ఓటేస్తామని పటం మీద చెయ్యేసి ఇంటికొకరు ఒట్టు పెడతారు. అంతే.”

“ఓటు మీద ఒట్టేంట్రా? ఎవరికేశామో తెలియకూడదనే కదా తెర కట్టి ఒక్కొక్కళ్లనే పంపేది?”

“అదే మా బాధ. పోయినసారి ఈ ఊళ్లో అందరూ నాకు తలూపారు. తీరా పెట్టె తెరిస్తే సగం మీటరాయనకి! నిజంగా ఊపినవాడెవడో, ముంచినవాడెవడో తేలట్లేదు.”

“తలూపడం మెడకి మంచిదిలే నాయనా,” అన్నది కిటికీ పక్క మంచం మీది నుంచి అస్మత్.

ఆమె ముక్కుకు సన్నని గొట్టం ఉంది. దశాబ్దాల పొయ్యి పొగ ఆమె ఊపిరితిత్తులలో గూడు కట్టుకొంది. రెండేళ్లుగా మంచం పక్కనున్న ఆక్సిజన్ యంత్రమే ఆమెకు గాలి. అది కరెంటుతో నడుస్తుంది. ఊళ్లోని యంత్రాలన్నీ ఒక్కసారి గుంజితే తీగలో బలం తగ్గి, అది కూత పెట్టి ఆగిపోతుంది. అత్యవసరానికి ఒక సిలిండరు ఉన్నమాట నిజమే. దానిని నింపించాలంటే మెస్తియా పోవాలి, దారిలో మంచు పడితే అదీ లేదు. రొద ఎంత పెరిగితే అస్మత్ శ్వాస అంత తగ్గుతుందని గెరసిమేకు తెలుసు. ముర్తాజ్‌కూ తెలుసు, అందుకే అతడు ఆ మంచం వైపు చూడడం లేదు.

“ఇంటికొకరా?” అని అస్మత్ మళ్లీ అడిగింది. “అంటే ఈయన ఒట్టు పెడితే నా ఓటూ అందులోకే పోతుందన్నమాట.”

“మొగుడూ పెళ్లాల ఓట్లు రెండు దారులు పోతాయా పిన్నీ?”

“పెళ్లయిన దగ్గర్నుంచీ పులుసులో ఉప్పు దగ్గరే రెండు దారులు పోతున్నాం.”

ముర్తాజ్ నవ్వాడు. గుమ్మం దాకా వెళ్లి, గెరసిమే భుజం మీద చేయి వేసి, గొంతు తగ్గించాడు. “ఎవరింట ఎన్ని యంత్రాలున్నాయో మీటర్లవాళ్లకి చేరేస్తున్నది నువ్వేనని ఒకరిద్దరు అంటున్నారు బాబాయ్. నేను నమ్మను. కానీ తలుపు తియ్యకపోతే నమ్మేవాళ్లు పెరుగుతారు. తాళంచెవి ఈ ఇంట్లోనే ఉండాలని రాసిపెట్టి లేదు కదా?”

ఆ మర్నాడే కరెంటు పడిపోయింది. పూర్తిగా పోతే బాగుండును, పోలేదు, నీరసించింది. బల్బులోని తీగ ఎర్రగా మారింది. మంచం పక్కని యంత్రం మొదట గురగురలాడి, పిమ్మట కూయసాగింది. గెరసిమే సిలిండరు మర తిప్పి, గొట్టం మార్చి, తలకు టోపీ కూడా లేకుండా పక్కింటికి పరుగెత్తాడు.

పక్కిల్లు విధవరాలు నజిబ్రోలాది. ఆమె కొట్టంలో ఇప్పుడు ఆవులు లేవు. యంత్రాల వేడికి తాడు మీద మేజోళ్లు ఆరుతున్నాయి.

“నజీ, ఆపమ్మా! అస్మత్ దగ్గర కూత పెడుతోంది!”

ఆమె మారుమాటాడకుండా మీట దించింది. కొట్టం మూగదైనట్లు నిశ్శబ్దమయింది. గుమ్మంలోని బల్బు మాత్రం ఎర్రగానే ఉంది.

“చూశావా అన్నా? నావి చిటికెడు. అసలు మోత జోకియాది, వాడి బురుజంతా యంత్రాలే. వెళ్లి నేను ఆపేశానని చెప్పు, సిగ్గుపడతాడేమో.”

“జోకియాకి సిగ్గా?”

“అదీ నిజమేలే.” గెరసిమే తిరిగి వెళ్లబోతుండగా ఆమె గట్టిగా అన్నది. “అలా చూడకు నన్ను. మా ఆయన మంచు కింద పోయినప్పుడు ఈ ప్రభుత్వం నాకు ఓ దండ పంపింది. ప్లాస్టిక్ దండ! ఇవాళ నా కూతుళ్లిద్దరూ చదువుకుంటున్నారంటే ఈ డబ్బాల పుణ్యమే. మీటరాయనొచ్చి ఇవి పీకేస్తే నేనేం చెయ్యను, అడవిలో పుట్టగొడుగులు ఏరుకోనా? నీ పెళ్లాం ఊపిరి నాకూ కావాలి. నా పిల్లల తిండి నీకూ కావాలి కదా?”

గెరసిమే అక్కడి నుంచి ఇంకో పరుగు తీశాడు. జోకియా బురుజు తలుపును పిడికిళ్లతో బాదాడు. పైకిటికీలోంచి జోకియా భార్య తొంగిచూసి, “ఆయన ఊళ్లో లేరు, తాళం ఆయన దగ్గరే ఉంది” అన్నది. అరుగు మీద జోకియా బూట్లు కరుగుతున్న మంచుతో తడిసి ఉన్నాయి. గెరసిమే ఆ బూట్ల వైపు చూశాడు. ఆమె కూడా చూసి కిటికీ వేసేసింది.

కొంతసేపటికి కరెంటు తనంత తానే కోలుకొంది. అతడు ఇంటికి చేరేసరికి అస్మత్ పెదవులు నీలంగా ఉన్నాయి, కాని నోరు పనిచేస్తూనే ఉంది.

“పరుగెత్తావా? ఈ వయసులోనా? నాకంటే నీకే ఊపిరాడట్లేదు, ఇదిగో, గొట్టం నువ్వు పెట్టుకో.”

అతడు మంచం పట్టె మీద కూలబడ్డాడు. “తలుపు తియ్యను అస్మత్. తాళంచెవి పోతే పోనీ.”

ఆమె స్తంభం మీది తాళంచెవి వైపు చూసింది.

“మీ నాన్న ఎవరికైనా తలుపు తియ్యనన్నాడా?” అని అడిగింది. “మనిషిని చంపొచ్చినవాడికి కూడా తీశాడు. ఎవరికి తియ్యాలో నువ్వు ఎంచుకుంటే అది చర్చి కాదయ్యా, మన గాదె. తియ్యి. కానీ నా ఓటు మాత్రం నీ నోటితో ఇచ్చెయ్యకు.”

“తీస్తే ముందు నేనే ఒట్టు పెట్టాలి కదే. ఇంటికొకరు!”

“అదెలాగో నువ్వే చూసుకో. తాళంచెవి మోసేది నువ్వు.”

గురువారం మధ్యాహ్నం ఊరంతా చర్చి ముందు చేరింది. మగవారు బూడిదరంగు కంబళి టోపీలు తీసి చేతపట్టుకున్నారు. ముర్తాజ్ అందరికంటె ముందు నిలబడి, ఆవిరి వదులుతూ అరచేతులు రుద్దుకుంటున్నాడు. జోకియా కూడా వచ్చాడు, అవే బూట్లతో.

గెరసిమే చేతిలో తాళంచెవి చల్లగా, జారుడుగా ఉంది. అతడు ఒకే ఒక్క నిశ్చయం చేసుకొని వచ్చాడు: తండ్రి ఏది ఎలా చేసేవాడో అలాగే, ఒక్క మెట్టూ దాటవేయకుండా చేయాలి. తండ్రి పోయిన తరువాత ఊరిలో ఒట్లు హడావిడిగా జరుగుతూ వచ్చాయి. ఎవరో తొందరపడేవారు, మరెవరికో పశువులు తోలుకోవలసి ఉండేది, క్రమంలోని సగం మాటలు గడప అవతలే ఉండిపోయేవి. అతడు తలుపుకు మొక్కాడు. తాళం తీశాడు. పటాన్ని శుభ్రమైన గుడ్డలో చుట్టి, వీపు జనం వైపు తిప్పకుండా బయటికి తెచ్చి, గడప ముందున్న రాతి మీద నిలిపాడు. వెండి మీద శీతకాలపు వెలుతురు పడగానే జనంలోని గుసగుసలు ఆగిపోయాయి.

“ఒట్టు అడుగుతున్నది ఎవరు?” అని గెరసిమే పాత పద్ధతిలో గట్టిగా అడిగాడు.

“నేనే బాబాయ్, తెలిసిందేగా.”

“అయితే నువ్వు ముందు రా.”

“నేనెందుకు? నా ఓటు కుటయిసిలో కదా ఉన్నది?”

“ఒట్టు అడిగినవాడు ముందు చెయ్యి పెట్టాలి. బదులుగా తానేమిస్తాడో పటం ముందు చెప్పాలి. తర్వాతే మిగిలినవాళ్లు. మా నాన్న అలాగే చేయించేవాడు.”

వెనుక నుంచి ముసలివారు ఇద్దరు ముగ్గురు “అవును, అంతే, అంతే” అన్నారు. మరచిపోయినదేదో కాలికి తగిలినట్లు. ముర్తాజ్ చిరునవ్వు పెదవుల మీదే ఆగిపోయింది.

“ఏం చెప్పాలి?”

“నువ్వు ఇంటింటికీ తిరిగి చెప్పిందే చెప్పు. మీ ఆయన గెలిస్తే ఈ ఊరికి కరెంటు ఉచితంగానే ఉంటుందని, యంత్రాలు ఎవరూ ముట్టుకోరని, ఏ ఇంటా దీపం ఆరదని. నీ పిల్లల పేర్లు పెట్టి చెప్పు.”

ముర్తాజ్ ఫోను తీసి, చర్చి గోడ పక్కకు పోయి మాట్లాడాడు. అవతలి మనిషి నవ్వు గాలిలో అందరికీ వినిపించింది, మాటలు కూడా వినిపించాయి: “పెట్టెయ్యవయ్యా, చెక్కముక్కేగా!” ముర్తాజ్ తిరిగివచ్చాడు. టోపీ తీశాడు. కుడిచేయి చాచాడు. వేళ్లు వెండికి జానెడు దూరంలోకి వచ్చి, అక్కడే నిలిచిపోయాయి. కుటయిసిలో పెరిగినా అతడు గుల్బానీయే. ఆవుల కథ అతడికీ నానమ్మ చెప్పే ఉంటుంది. ఆ చేయి తాకితే తానూ తాకక తప్పదని, ఆ తరువాత అస్మత్ మొహం చూడలేనని అనుకుంటూ గెరసిమే తన ఊపిరి తానే బిగబట్టాడు.

చేయి దిగింది.

“ఆయన ఏం చేస్తాడో నేనెలా చెప్పను బాబాయ్?” అన్నాడు ముర్తాజ్, చాలా మెల్లగా. “ఆయన తరఫున నేనెలా...”

“మరి మమ్మల్ని ఎవరి తరఫున పెట్టమన్నావు?” అన్నది నజిబ్రోలా.

జనంలో గొణుగుడు లేచింది. జోకియా అదను చూసి మెడ సాచాడు. “సరే, వాడొద్దు. నువ్వు చెప్పు గెరసిమే బావా! మీటరాయనొస్తే నజిబ్రోలా పిల్లలు చదువు మానరని నువ్వు చెయ్యి పెట్టు చూద్దాం!”

“పెట్టలేను,” అన్నాడు గెరసిమే. “నాకు తెలియదు.”

ఇంత జరిగాక పటాన్ని లోపలికి తీసుకుపోవడమే తరువాయి అనుకున్నారు కొందరు. కాని బయటికి వచ్చిన పటం ఒట్టు వినకుండా లోపలికి పోదు. పోతే ఆ ఏడు ఊరికి కీడని అందరికీ తెలుసు. ఇక్కడే ఖెలూరి చిక్కుపడింది. చలి పెరుగుతోంది, పటం రాతి మీద ఉంది, పలకడానికి నిజమైన మాట ఎవరి దగ్గరా లేదు. ఒకాయన, ఇకపై తాగనని ఒట్టు పెడితే చాలదా అన్నాడు. అతడి భార్య, “నువ్వు మాత్రం వద్దు, ఊరు మునుగుతుంది” అని కోటు అంచు పట్టి లాగింది.

అప్పుడు నజిబ్రోలా ముందుకు వచ్చింది. వితంతువు తన ఇంటికి తానే పెద్ద. చేయి పటం మీద పెట్టింది. వెండి చల్లదనానికి భుజం ఒక్కసారి అదిరింది.

“ఆదివారం నేనెవరికి వేస్తానో నా ఇష్టం,” అన్నది. “కానీ బల్బు ఎర్రబడిందంటే, ఎవరూ వచ్చి అడగకుండానే నా మీట నేనే దించుతాను. అస్మత్ ఉన్నన్నాళ్లూ. నా కూతుళ్ల మీద ఒట్టు.”

ఆమె వెనుక ఒకరు వచ్చారు. ఆ తరువాత మరొకరు. కొందరు తమకు యంత్రాలు లేవని గొణిగి, పటాన్ని చూసి నాలుక కరచుకొని, మళ్లీ మొదలుపెట్టి నిజం చెప్పారు. ఒకరిద్దరు మెల్లగా జారుకున్నారు. జోకియా టోపీ తలకు పెట్టుకొని, “నా ఇంటి మీటకి నాకెవరూ ముహూర్తం పెట్టక్కర్లేదు” అని అందరికీ వినబడేటట్లు చెప్పి పోయాడు. గెరసిమే అందరికంటె చివర చేయి పెట్టాడు. అతడి ఇంట యంత్రాలు లేవు. తాను ఎవరింటి గుట్టూ మీటర్లవారికి చెప్పలేదని, చెప్పబోనని మాత్రం పలికాడు. అస్మత్ ఓటు మాట ఎత్తలేదు. నల్లజీపు అప్పటికే మలుపు తిరిగింది.

ఆదివారం అస్మత్ తానే పోయి ఓటు వేస్తానన్నది. గెరసిమే ఆమెను కంబళ్లలో చుట్టి, కట్టెలు లాగే బండి మీద కూర్చోబెట్టి, ఒడిలో సిలిండరు పెట్టి, బడిదాకా మంచులో లాక్కుపోయాడు. ఆమె తెర వెనుక చాలాసేపు ఉన్నది. బయటికి వచ్చాక, “ఎవరికేశావని అడగవేం?” అన్నది.

“అడగను.”

“అడిగినా చెప్పను.”

తిరిగివచ్చేసరికి సిలిండరు అయిపోయింది. దారిలో మంచు పడుతూనే ఉంది. మెస్తియా నుంచి మంచు తోసే బండి రాలేదు. ఆమెను యంత్రానికి తగిలించి, ముద్దకూర వేడిచేసి తినిపించాడు. చీకటి పడ్డాక బడిలో ఓట్ల లెక్కింపు మొదలయింది. పార్టీల తరఫున కాపు కాయడానికి ఊళ్లోని పెద్దలందరూ అక్కడే ఉన్నారు. గదిలో ఒక వైపు నజిబ్రోలా, మరొక వైపు జోకియా కూర్చున్నారు.

బల్బు ఎర్రబడింది.

కూత మొదలయింది. గెరసిమే ఖాళీ సిలిండరు మరను వృథాగా తిప్పాడు. సన్నని ఈల కూడా రాలేదు. అస్మత్ రెండు చేతులతోను మంచం పట్టెను పట్టుకొని, కూర్చొని, నోరు తెరిచి గాలిని అందుకోబోతోంది. అతడు ఆమెను వదిలి పరుగెత్తాలో, వదలకుండా ఉండాలో తెలియక గుమ్మం దాకా పోయి, వెనక్కి వచ్చి, మళ్లీ పోయి, తలుపు బార్లా తెరిచాడు.

దిగువన బడి కిటికీలు కూడా ఎర్రగానే ఉన్నాయి. ఆ వెలుతురులోంచి ఒక ఆకారం బయటపడింది. కోటు లేకుండా, మోకాలి లోతు మంచులో, నజిబ్రోలా. ఆమె వెనుక ఇంకొకరు, ఆ వెనుక నలుగురు. ఎవరి గడప వైపు వారు పడుతూ లేస్తూ పరుగెడుతున్నారు. పక్క కొట్టంలోని రొద ఆగింది. ఎగువ ఇంటిది ఆగింది. ఒక్కొక్క చోట నిశ్శబ్దం దిగుతున్నకొద్దీ, మిగిలిన ఒకే ఒక్క రొద మరింత పెద్దదిగా వినిపించసాగింది. అది జోకియా బురుజులోది. బల్బు కొంచెం పసుపెక్కి, అక్కడే ఆగిపోయింది. యంత్రం కూస్తూనే ఉంది.

“జోకియా!” అని గెరసిమే అరిచాడు. మంచు కొండల్లో అంత గట్టిగా అరవకూడదని అతడు జీవితమంతా ఇతరులకు చెప్పినవాడే.

బడి గుమ్మంలో జోకియా కనిపించాడు. కొంతసేపు కదలకుండా నిలబడ్డాడు. ఆ పిమ్మట తిట్టుకుంటూ బురుజు వైపు బయలుదేరాడు. తిట్లు గాలికి ముక్కలు ముక్కలుగా వినబడ్డాయి. “నేను ఒట్టు పెట్టలేదు, గుర్తుంచుకోండి! ఎవరికీ భయపడి కాదు! నా ఇష్టం కొద్దీ ఆపుతున్నా!” తలుపు కిర్రుమంది. రొద ఆగిపోయింది.

బల్బు తెల్లగా వెలిగింది. కూత ఆగి, యంత్రం మళ్లీ మామూలుగా గురగురలాడింది. గెరసిమే అస్మత్ వీపు వెనుక కూర్చొని ఆమెను ఆనించుకున్నాడు. ఆమె పక్కటెముకలు అతడి అరచేతి కింద లేస్తూ పడుతూ, లేస్తూ పడుతూ నెమ్మదించాయి. పెదవుల మీది నీలం మెల్లగా తొలగిపోయింది.

నజిబ్రోలా మంచు నిండిన జుట్టుతో గుమ్మంలోకి వచ్చి, ద్వారబంధానికి చేరగిలబడింది.

“ఎవరు గెలుస్తున్నారు?” అన్నది అస్మత్, గొట్టం సర్దుకుంటూ.

“ఎవరికి తెలుసు వదినా! లెక్కపెట్టేవాళ్లందరం మీటలు దించడానికి పరిగెత్తాం. పాపం ఆ పంతులమ్మ పెట్టె మీద రెండు చేతులూ పెట్టుకుని ఒక్కతే కూర్చుంది.”

అస్మత్ నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది, దగ్గు మళ్లీ నవ్వులోకి. గెరసిమే లేచి, పెట్టెలోంచి తన పాత మంచుబండి కోటు తీసి నజిబ్రోలా భుజాల మీద వేశాడు.

“పో నజీ, పోయి లెక్క పూర్తిచెయ్యండి,” అన్నాడు. “ఆ పంతులమ్మ చలికి బిగుసుకుపోతుంది.”